రెండు లారీల ఎర్రమట్టి

దిమ్మిసత్త మనవరాలి కాళ్లు కడుగుతోంది. సాయంత్రం ఆడుకుని రాగానే పిల్లను గుమ్మం పక్కన పీట మీద కూర్చోబెట్టి, వేళ్ల సందులు కూడా వదలకుండా రుద్దడం రోజూ ఆమె పనే. మొదటి చెంబు నీళ్లు బూడిదరంగులో పారాయి. రెండో చెంబుకీ రంగు మారలేదు.

"నానమ్మా, పన్నెండు తర్వాత ఎంత?"

నిరుడు వందదాకా గడగడా అప్పజెప్పిన పిల్ల అది. దిమ్మిసత్త మూడో చెంబు ముంచింది.

బ్యాటరీల ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్లయింది. సగం వీధి ఊరొదిలి పోయింది. మిగిలినవాళ్లు కూలిన ప్రహరీ పక్కనే ఉండిపోయారు, వాళ్ల పిల్లలకు ఫ్యాక్టరీ ఆవరణే ఆటస్థలమైంది. ఇప్పుడు అక్కడ ఇళ్లు కడతామని, పాత కార్మికులకు తలా ఒకటి ఇస్తామని ఒక కాంట్రాక్టరు దిగాడు. అధికారులు వచ్చి పన్నెండు చోట్ల తవ్వి, మట్టిని డబ్బాల్లో నింపుకుపోయారు. నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది, మట్టి శుభ్రంగా ఉందని. ఆ వెనకే ఆస్పత్రి నుంచి మరో కాగితం వచ్చింది, వీధిలో ముప్పైమంది పిల్లల రక్తంలో మెదడును మొద్దుబార్చే సీసం ఉందని. తెల్లారితే నేల చదును చేసే యంత్రాలు రాబోతున్నాయి.

ఆ సాయంత్రమే యూనియన్ షెడ్డులో మీటింగు. కూర్చోవడానికి చోటు లేదు.

"డబ్బాలు మార్చేశారు!" అని అరిచాడు దిమ్మిసత్త కొడుకు. వెల్డింగు పని చేస్తాడు, గొంతూ నిప్పురవ్వలాంటిదే. "లంచం మింగి మన పిల్లల్ని మట్టిలో కలిపారు!"

"అంత శుభ్రమైన మట్టయితే ఆ రిపోర్టు రాసినోణ్ని చెంచాడు తినమనండ్రా" అన్నాడు ఫ్యాక్టరీ కొలిమిలో పనిచేసిన కొలిమితాత.

"తింటాడు తాతా. లంచం అరిగినోడికి సీసం ఒక లెక్కా?" అన్నారెవరో వెనక నుంచి.

అందరూ నవ్వారు. దిమ్మిసత్తకు నవ్వు రాలేదు. కోడలి పక్కన కూర్చుని తన అరచేతులు చూసుకుంటోంది.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. ముప్పైఏళ్లు ఫ్యాక్టరీ ఆవరణ ఊడ్చే ఆడవాళ్లకు ఆమే పెద్ద. తనిఖీ వస్తుందంటే ముందురోజు కబురొచ్చేది. యాసిడ్ కారి, సీసం పొడి రాలి నల్లబడ్డ నేల మీద ఎర్రమట్టి జానెడున్నర పరిచి, నీళ్లు చల్లి, నేల గట్టిపరిచే దిమ్మిసతో అద్దంలా కొట్టేవాళ్లు. "నీ చెయ్యి పడితే నేల పెళ్లికూతురే" అని మేనేజరు అంటే పొంగిపోయేది. మొన్నామధ్య అధికారులు వచ్చే ముందురోజు కాంట్రాక్టరు రెండు లారీల మట్టి దింపించి, "పెద్దవాళ్లొస్తున్నారు, కాస్త పాతపద్ధతిలో" అన్నాడు. ఆమె ఇరవైమంది ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత చేతికి పని దొరికిందన్న సంబరమే తప్ప ఇంకో ఆలోచన లేదు. అధికారులు జానెడు లోతే తవ్వారు. తవ్వుతున్న కుర్రాడికి మంచినీళ్లు కూడా ఇచ్చింది.

ఆమె లేచి నిలబడింది.

"డబ్బాలు మారలేదురా."

"నువ్వు కూర్చోమ్మా" అన్నాడు కొడుకు.

"మారలేదు. మట్టినే మార్చాం. పరిచింది మేం, దిమ్మిస వేసింది నేను."

ఆ ఇరవైమంది తలలు వంచుకున్నారు. ఒకామె మాత్రం గయ్యిమంది. "నోరు కట్టుకుని ఉండలేవా అత్తా? వచ్చే ఇల్లు కాస్తా పోగొట్టావు! రేపు అందరినీ జైల్లో వేస్తే?"

యూనియన్ కార్యదర్శి అడిగాడు. "చేయించింది కాంట్రాక్టరేగా?"

"చెప్పింది వాడు. చేతులు నావి."

"ఈ మాట బయటికెళ్తే వాడు నీ మీదే కేసు పెడతాడు."

"పెట్టనీ. నేను చెప్పేది వినండి. ఎక్కడ ఎంత పరిచామో కాంట్రాక్టరుకి తెలీదు, అధికారులకి తెలీదు. మాకు తెలుసు. యంత్రం దిగిందంటే ఎరుపూ నలుపూ కలిసిపోతాయి, ఇక ఎవరూ తేల్చలేరు. దాని కంటే ముందే ఆ ఎర్రమట్టి మనం ఎత్తేద్దాం. అధికారుల్ని రమ్మందాం. పత్రికలవాళ్లనీ రమ్మందాం. అందరి ఎదుటా మళ్లీ తవ్వనీ."

"దుమ్ము లేస్తుందే!" అంది ఇంకొకామె.

"నీళ్లు చల్లుకుంటూ ఎత్తుదాం. ఎలా పరిచామో అలాగే."

గయ్యిమన్నామె కాసేపు పైట కొంగు మెలిపెట్టింది. తర్వాత విసుగ్గా అంది, "తూర్పు వైపు నేను పరిచాను. అక్కడ రెండు జానలుంది, నీకేం గుర్తుంటుంది?"

అంతే, షెడ్డు మళ్లీ మోగింది. బిందెలు ఎవరు తేవాలి, గేటుకు అడ్డం ఎవరు కూర్చోవాలి, పోలీసులొస్తే పేర్లు ఎవరివి చెప్పాలి? "అందరివీ చెప్పండి" అన్నాడు కొలిమితాత. "వాళ్ల జీపులో ఎంతమంది పడతారో మనమూ చూద్దాం."

ఇంటికి నడిచేటప్పుడు కొడుకు పది అడుగులు ముందు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నీ చేతులతోనే కదమ్మా..." అన్నాడు. లోపల కోడలు పీట, చెంబు తీసి తన వైపు పెట్టుకుంది.

"రేపట్నుంచి పిల్ల కాళ్లు నేనే కడుగుతాను."

దిమ్మిసత్త "సరేనమ్మా" అంది.

తెల్లవారేసరికి కుట్టుమిషను చప్పుడవుతోంది. కోడలు ముక్కుకు కట్టుకునే గుడ్డలు కుడుతోంది. వీధిలో బిందెలు, గంపలు, పారలు కదిలాయి. కొడుకు అప్పుడే గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. మీటింగు మాట రాత్రికే బయటికి పొక్కింది. వీధి చివర పోలీసు జీపు వచ్చి ఆగిందనీ, దిమ్మిసత్త ఎవరని అడుగుతున్నారనీ కబురొచ్చింది. ఆమె చీపురు తీసుకుంది. గడప దగ్గర ఆగి లోపలికి చూసింది. పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది, అరికాళ్లు తెల్లగా ఉన్నాయి.

మిషను ఆగింది. కోడలు గుడ్డల మూట చంకన పెట్టుకుంది. ఒకటి తీసి అత్త చేతిలోని చీపురు మీద వేసింది. మొహంలోకి చూడలేదు. మూల ఉన్న గంప అందుకుని, అత్త కంటే ముందే గడప దాటి జీపు ఉన్న వైపుకే నడిచింది.