టిఫిన్ డబ్బా పెట్టిన మీట

పురుషోత్తం ఆలోచిస్తుంటే ఖాళీగా ఉన్నాడనుకుంటుంది లోకం. చనిపోయిన భార్య విమలాదేవీ అలాగే అనుకునేది. ఇప్పుడు మొఘల్‌పురా కాలేజీ ఆఫీసులో అతను టైపు చేసే కంప్యూటరూ అంతే. కాసేపు మీటలు ముట్టకపోతే, లెక్చరర్ ఫణి అన్ని కంప్యూటర్లకూ పంచిన పెద్ద లెక్క అందులో దూరేది. మీట నొక్కాక గానీ తప్పుకునేది కాదు.

ప్రిన్సిపాల్ మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ కావాలన్నాడు. సగం రాసిన పురుషోత్తానికి, మాటమాటకూ ఆలోచించడానికి ఆగినప్పుడల్లా ఆ లెక్క దూరుతుంటే ఒళ్లు మండింది. తాను తప్పు రాయడు గనుక ఎన్నడూ వాడని మీట మీద టిఫిన్ డబ్బా పెట్టి, కళ్లు మూసుకుని ఆలోచించాడు.

ఫణి ఉరికొచ్చాడు. "ఏందన్నా ఈ లొల్లి? నీ కంప్యూటర్ వాటా ఆగిందని తక్కినవన్నీ బంద్ పెట్టి కూసున్నయ్!"

"కూసోనీ. సర్క్యులర్ రాస్తున్న."

"యాడుందన్నా సర్క్యులర్?"

తెర తెల్లగా ఉంది. డబ్బా కింద ఉన్నది అక్షరాలు చెరిపే మీట.

పురుషోత్తం డబ్బా తీసి, మూత విప్పి, తినసాగాడు.

"ఈ ముచ్చట నా ముంగట ఇంకెన్నడూ తియ్యకు."