పన్నెండు చిన్న పారలు

ఆరో పార పిడి మీది పేరు సగం చెరిగింది. ఇదలీనా సాండ్‌పేపరు మడత మార్చి మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది. నాలుగేళ్ల పిల్లల చేతికి సరిపోయే పారలవి. మొత్తం పన్నెండు. మూడేళ్ల కిందట ఎవరి పార మీద వాళ్లే నల్ల మార్కరుతో పేరు రాసుకున్నారు. ఇప్పుడు రుద్దుతున్నది మరిసోల్ పేరు. ఆ పిల్ల అక్షరాలను చిన్నగా మొదలుపెట్టి పోను పోను పెద్దవి చేసేది. చోటు చాలక చివరి అక్షరాన్ని పిడి తిప్పి వెనకవైపు రాసింది.

గ్యారేజీ మెట్టు మీద కూర్చుని అత్తగారు దెయొలిందా చిక్కుడు గింజలు వలుస్తోంది. పక్కన చిన్న రేడియో సన్నగా మోగుతోంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. చెయ్యి ఆగదు, నోరూ ఆగదు.

"ఎవరో చచ్చినట్టు ఆ పేర్లు చెరిపేస్తున్నావేంటే అమ్మాయ్?"

"శనివారం స్టేడియానికి శంకుస్థాపన కదా అత్తయ్యా. కాలేజీ బోర్డు అధ్యక్షుడి మనవలు కూడా మట్టి తవ్వుతారట. పారల మీద వేరే పిల్లల పేర్లుంటే బాగుండదన్నాడు ఆర్లిండో."

"మనవలకి నాలుగు పారలు కొనుక్కోలేనంత దరిద్రం పట్టిందా ఆయనకి?"

ఇదలీనా నవ్వి సాండ్‌పేపరు దులిపింది. ఆరేళ్లుగా ఈ గ్యారేజీలో ఇదొక పని. ఆమె భర్త ఆర్లిండో కాలేజీలో నిర్మాణ విభాగానికి పెద్ద. ఏ భవనానికి శంకుస్థాపన జరిగినా ఎనిమిది పెద్ద పారలు ఇంటికి వస్తాయి. వాటికి అంటిన మట్టి కడిగి, తుడిచి, రేకులకు మళ్లీ బంగారు రంగు వెయ్యాలి. సైన్సు భవనానికి ఆమే వేసింది, వెల్డింగ్ షాపుకు ఆమే వేసింది. "నీ చేతికి పనితనం ఉంది లీనా, కూలివాళ్లకిస్తే రంగు కార్చేస్తారు" అంటాడు. మొదటిసారి ఆ మాటకు పొంగిపోయింది. ఆ తర్వాత పారలు అడగకుండానే ఇంటికి రావడం మొదలైంది.

చిన్న పారలు మాత్రం ఒక్కసారే మట్టి చూశాయి, కాలేజీలో చదివేవాళ్ల పిల్లలను చూసుకునే బాలల కేంద్రానికి శంకుస్థాపన చేసిన రోజున. ఇక్కడి నేల రెండడుగుల కింద రాయిలా ఉంటుంది. కోటు వేసుకున్నవాళ్లు పారతో పొడిస్తే టంగుమని వెనక్కి కొడుతుంది. అందుకని శంకుస్థాపన అంటే ఎక్కడి నుంచో ఒక ట్రక్కు మెత్తటి మట్టి తెచ్చి కుప్ప పోస్తారు. పెద్దవాళ్లు అందులోంచి ఒక్కొక్క పార మట్టి ఎత్తి, ఫొటోకు నవ్వి పక్కన పెట్టేశారు. పిల్లలు పెట్టలేదు. పని చెప్పారు కాబట్టి పని చేశారు. బోర్డు అధ్యక్షుడు మాట్లాడుతున్నంతసేపూ తవ్వుతూనే ఉన్నారు. కుప్ప మొత్తం చదును చేసి, కింద గట్టినేల తగిలాక మరిసోల్ వచ్చి ఇదలీనా స్కర్టు లాగింది. "మిస్ లీనా, ఇల్లు ఎప్పుడొస్తుంది?"

"వచ్చే ఏడాది" అంది ఇదలీనా.

మరిసోల్ ఇప్పుడు రెండో తరగతి. బాలల కేంద్రం ఇప్పటికీ చక్రాల మీద లాక్కొచ్చి నిలబెట్టిన రెండు రేకు గదుల్లోనే ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇదలీనా అక్కడే పిల్లలను చూస్తోంది. సింకు దగ్గర నేల కుళ్లి మెత్తబడింది. దాని మీద చాప పరిచి, అక్కడ మొసలి ఉంది దూకి వెళ్లాలి అని పిల్లలకు ఆటగా నేర్పింది. ఏటా కొత్తగా వచ్చే పిల్లలకు పాత పిల్లలే మొసలి సంగతి చెబుతారు. చోటు కోసం కాచుకుని ఉన్న పేర్లు అరవై నాలుగు. అందులో యెసేనియా కొడుకు పేరు పంతొమ్మిదోది. యెసేనియా నర్సింగు చదువుతోంది. చదువుతోంది అనడం కంటే, పిల్లాణ్ణి చూసేవాళ్లు దొరికినప్పుడు చదువుతోంది అనడం సరి. రెండుసార్లు మధ్యలో మానేసింది. పోయిన వారం తలుపు దగ్గర నిలబడి, "మిస్ లీనా, మీరు మా ఇంటికొచ్చి ఓటెయ్యమన్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మా అమ్మ వేసింది. గుర్తుందా?" అంది. నిష్ఠూరంగా ఏమీ అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

గుర్తులేకపోవడమేమిటి? కాలేజీ బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి భవనాలు కట్టుకోవాలంటే ఊరు ఓటెయ్యాలి. ఓటేస్తే పాతికేళ్లపాటు ఇంటిపన్ను కాస్త పెరుగుతుంది. ఏమేం కడతారో చెబుతూ పంచిన కరపత్రంలో తొమ్మిదో నంబరు "బాలల కేంద్రం, కొత్త భవనం". ఆ ఒక్క వరుస కోసం ఇదలీనా పని ముగిశాక రెండు నెలలు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది. హోక్‌స్ట్రా అనే ముసలి పాడి రైతు గేటు కూడా తియ్యలేదు. "కాలేజీ వాళ్ల సంగతి నాకు తెలుసమ్మా. ముందు పిల్లల్ని చూపిస్తారు, ఆనక ఆటల మైదానం కడతారు" అన్నాడు.

"ఇది అలా కాదండీ. నా మాట నమ్మండి."

"నీ మాటేనా, కాలేజీ మాటా?"

"నా మాట."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, కంచెకు ఓటెయ్యమనే బోర్డు కొట్టుకోమన్నాడు. బాండు రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచింది. ఆ రోజు ఆర్లిండో అందరి ముందూ ఆమె భుజం చుట్టూ చెయ్యివేసి, "మా ఆవిడ తొమ్మిదో నంబరు కట్టకపోతే నాకు అన్నం పుట్టదు" అన్నాడు. అంతా నవ్వారు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది.

డబ్బు ఎటు పోతోందో చూడటానికి ఊరివాళ్లతో ఒక కమిటీ ఉంది. మూడు నెలలకొకసారి దానికి ప్రగతి నివేదిక ఇవ్వాలి. ఆర్లిండో అంకెలు చెప్పేవాడు, ఆమె వాక్యాలు రాసేది. అంట్లు కడిగాక వంటింటి బల్ల మీదే ఇరవై మూడు నివేదికలు రాసింది. బాలల కేంద్రం ఎదుట ఎప్పుడూ అయిదు శాతమే. "నమూనా గీస్తున్నారు, ఓపిక పట్టు" అనేవాడు. ప్రతి నివేదిక చివరా గత సమావేశం గురించి ఒకే వాక్యం ఉండేది: ప్రజల నుంచి మాట్లాడినవారు ఎవరూ లేరు. ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆరేళ్లలో ఎవరూ రాలేదు. ఈసారి నివేదిక మాత్రం రాయొద్దన్నాడు. "నువ్వు అలిసిపోతున్నావు. ఆఫీసులో కొత్తమ్మాయి ఉంది, రాస్తుందిలే" అన్నాడు. ఇన్నేళ్లకు తన అలుపు కనిపించిందని ఆ రాత్రి ఆమె అతని చెయ్యి పట్టుకునే నిద్రపోయింది.

పన్నెండు పేర్లలో ఆరు చెరిగాయి. వేళ్లు మండుతున్నాయి. చెరిపినవాటికైనా ముందు రంగు వేద్దామని ఆర్లిండో పడేసిన చిత్తు కాగితాలు తెచ్చి నేల మీద పరిచింది. మరిసోల్ పార దించి, రేకు మీద కుంచెతో రెండుసార్లు రాసింది. ఒక బొట్టు కారి కాగితం మీద పడింది. తుడవబోయి చూస్తే బొట్టు కింద ఆమె ముఖం ఉంది.

ఆ ఫొటో ఆమెకు తెలుసు. తను పంపిందే. పోయిన శరదృతువులో రేకు గదుల మెట్ల పక్కన ర్యాంపు కట్టి, గోడలకు పసుపు రంగు వేశారు. అప్పటిదాకా వెస్లీ అనే పిల్లాణ్ణి చక్రాల కుర్చీతో సహా ఆమె, ఇంకొకామె మోసి గదిలోకి ఎక్కించేవాళ్లు. ర్యాంపు వచ్చిన రోజున వెస్లీ తనంతట తనే పైకి వచ్చాడు. మళ్లీ కిందికి వెళ్లి మళ్లీ వచ్చాడు. అలా పదకొండుసార్లు. ఆమె నడుముకు చెయ్యి ఆనించుకుని, కళ్లు తుడుచుకుని, ఫొటో తీయించి, కృతజ్ఞతగా నాలుగు వాక్యాల ఉత్తరం రాసి ఆర్లిండోకు పంపింది.

ఆ కాగితం ఈసారి ప్రగతి నివేదికలో ఏడో పేజీ. ఫొటో కింద అచ్చులో ఇలా ఉంది: తొమ్మిదో నంబరు, బాలల కేంద్రం. పురోగతి: నూరు శాతం. పని ముగిసింది. దాని పక్కన గీత గీసిన చిన్న గడిలో, 'వాడుకుంటున్నవారి మాట' అన్న శీర్షిక కింద: "ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు. ఇంతకంటే ఇంకేం కావాలి మాకు! — ఇదలీనా ఫుర్తాదో, కేంద్రం బాధ్యురాలు."

ఆమె చెయ్యి అలవాటుగా మిగతా అయిదు పారలకూ రంగు వేస్తూ పోయింది, కళ్లు ఆ గడి మీదే ఉన్నాయి. ఇంతకంటే ఇంకేం కావాలి. ఎన్నిసార్లు అన్న మాట అది! పెళ్లిరోజుకు పిండి కలిపే యంత్రం తెచ్చి ఇచ్చినప్పుడు అంది. రెండో కాన్పు అయిన తొమ్మిదో రోజున ఆర్లిండో ఒక్క పూట అంట్లు కడిగితే అంది. పిల్లల కోసం రంగుల పెన్సిళ్లు తన జీతంలోంచి కొనుక్కోనిచ్చినందుకు డీన్‌గారితో అంది. తనకు రావలసినదానిలో ముక్క విరిచి ఇచ్చినప్పుడల్లా, ఇచ్చినవాళ్లు చిన్నబుచ్చుకోకూడదని మిగతాది తన నోటితోనే మాఫీ చేసింది. మాట ఉత్త మర్యాదకే అనుకుంది. అది సంతకమని ఎవరూ చెప్పలేదు. ఆ సంతకం ఎక్కడ పనికొస్తుందో ఇంట్లో మనిషికి తెలిసింది. కంచే చేను మేసింది. మేసి, చేను తనే రమ్మందని రాయించింది.

నాలుగు గంటలకు ఆర్లిండో కారు వచ్చింది. అయిదున్నరకు కమిటీ సమావేశం. స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి వచ్చాడు. పారలు చూసి ముఖం చేటంత చేసుకున్నాడు. "అబ్బ, మెరిసిపోతున్నాయి! మిగతా ఆరూ?"

"ఏడో పేజీ చూశాను."

"ఏ ఏడో పేజీ?"

ఆమె కాగితం చూపించింది. అతను దాన్ని చూడలేదు. ఆమె ముఖం చూశాడు. అంటే తెలుసన్నమాట.

"చూడు లీనా, స్టీలు ధర ఎక్కడికెళ్లిందో నీకేం తెలుసు? వెల్డింగ్ షాపు మధ్యలో ఆపలేం. స్టేడియం మెట్లు కూలేలా ఉన్నాయి. ఏదో ఒకటి వదులుకోక తప్పలేదు."

"వదులుకున్నామని రాయలేదుగా. అయిపోయిందని రాశావు."

"వదులుకున్నామంటే పేపరువాళ్లు మీద పడతారు. ర్యాంపు కట్టాం కదా? రంగు వేశాం కదా? నేల మార్పించాం కదా?"

"నేల మార్చలేదు."

"మారుస్తాంలే."

"నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదా?"

అతను దగ్గరకు వచ్చి ఆమె చేతి మీది బంగారు రంగును బొటనవేలితో తుడిచాడు. గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. "అడిగితే ఏమంటావు? సరే అంటావు. కోచ్‌ను కదిపితే ఊరంతా అరుస్తుంది. వెల్డింగ్ వాళ్లను కదిపితే యూనియన్‌ను తెస్తారు. ఎవరిది కోసినా గొడవే. నీదైతే నువ్వు అర్థం చేసుకుంటావు. నిన్ను మించి నన్ను అర్థం చేసుకునేవాళ్లు ఎవరున్నారు చెప్పు?"

"ఆ ఉత్తరం నీకు రాశాను, ఆర్లిండో. కమిటీకి కాదు."

"అంత చక్కగా రాశావు కనకే పెట్టాం" అని నవ్వి, లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి స్నానాల గదిలో నీళ్ల చప్పుడు మొదలైంది.

మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు. కానీ అతను కోపంతో మొత్తలేదు. అరుగు మీద చెప్పులు విడిచినంత మామూలుగా, ఎక్కడ మెత్తగా ఉందో అక్కడ అడుగు పెట్టాడు. స్టేడియం వల్లా కాదు, స్టీలు వల్లా కాదు. అరవై నాలుగు పేర్ల చోటు తన నోరులేనితనం వల్ల పోయింది.

అత్తగారు చిక్కుడు తొక్కలు ఒడిలోంచి దులిపింది. అంతా విన్నదని ఇదలీనాకు అప్పుడు తట్టింది.

"మావాళ్లు పండగలు చేసుకునే హాలుకు వంటగది లేకపోతే, మేం మూడేళ్లు తీపిరొట్టెలు చేసి అమ్మాం" అంది దెయొలిందా. "వంటగది కట్టారు. గోడకు రాయి పెట్టారు. రాయి మీద పద్నాలుగు మగపేర్లు. ఒక్కడికీ పిండి పిసకడం రాదు. తెర తీసినప్పుడు మా మామగారు, ఎలా ఉందే కోడలా అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"బాగుందన్నాను." ముసలామె రేడియో వైపు తిరిగింది. "ఇప్పటికీ ఆ గది ముందునుంచి పోతే నా కడుపు మండుతుంది."

ఇదలీనా లేచింది. గోడ మేకుకు వేలాడుతున్న డబ్బాలోంచి నల్ల మార్కరు తీసింది. చెరిపిన ఆరు పిడులనూ వరసగా ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క పేరే మళ్లీ రాసింది. ఎవరి అక్షరం ఎలా ఉండేదో ఆమెకు గుర్తే. రొమాన్‌ది వెనక్కి వాలేది. దెల్ఫీనా తన పేరులోని చుక్కకు బదులు పువ్వు పెట్టేది. మరిసోల్ దగ్గరకు వచ్చేసరికి చిన్నగా మొదలుపెట్టి పెద్దవి చేసుకుంటూ పోయి, చివరి అక్షరాన్ని పిడి తిప్పి వెనకవైపు రాసింది.

ఎండిన పారలను ఒక బట్టల బుట్టలో, తడివి ఇంకో బుట్టలో నిలబెట్టింది. బంగారు బొట్టు పడ్డ కాగితం మడవలేదు. మడిస్తే రంగు అంటుకుంటుంది. దాన్ని కారు ముందు సీటులో పరిచింది. ఆరేళ్ల నాటి కరపత్రం చేతిసంచిలోనే ఉంది, పిల్లల టీకా కార్డుల వెనక. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద ఆకుకూర సూపు ఉడుకుతోంది. గరిట తిప్పబోయి మానుకుంది.

"లీనా!" లోపలినుంచి ఆర్లిండో కేక వేశాడు. "నా నీలం టై ఎక్కడ పెట్టావు?"

టై పడకగది తలుపు వెనక, వానకోటు కింద ఉంది. ముప్పై ఒక్కేళ్లుగా అలాంటి కేకకు ఆమె ఎక్కడున్నా పలికింది. ఒళ్లో పసిపిల్ల పాలు తాగుతున్నా పలికింది.

"లీనా! టైమవుతోంది!"

గ్యారేజీలో దెయొలిందా రేడియో పెద్దది చేసింది. కాళ్లు పక్కకు జరిపి మెట్టు మీద దారి ఇచ్చింది. ఇదలీనా ఆమెను దాటి కారెక్కి, వెనక్కి తిప్పి, గేటు దాటి సమావేశానికి దారి పట్టింది. వెనక సీటులో పారలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. టై ఎక్కడుందో చెప్పలేదు.