నాన్న నంబరు

ఆ పిల్ల వచ్చి బెంచీ మీద కూర్చుని గంట దాటింది. తన వంతు వచ్చిన ప్రతిసారీ వెనకవాళ్లకి దారి ఇచ్చి, మళ్లీ చివరికి జరిగి కూర్చుంటోంది. పుస్తకాల సంచీని పొట్టకి అదిమిపెట్టుకుని ఉంది.

విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న నర్సుకి ఇలాంటివి కనపడకుండా పోవు. పిల్లలు ఆమెని సూదక్క అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు చదువులు ముగించి ఎప్పుడో వెళ్లిపోయారు, పేరు మాత్రం పాతుకుపోయింది. ఆ పొద్దున మెస్సులో ఏం తేడా చేసిందో సగం హాస్టలు వాంతులతో వచ్చి పడింది. అప్పటికే నలభైమందిని చూసింది. నిలబడి నిలబడి పిక్కలు లాగేస్తున్నాయి. అయినా వెళ్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. బట్టల మీంచే ఒళ్లు కాలిపోతోంది.

"లే తల్లీ, లోపలికి రా."

"పర్లేదక్కా, ముందు వీళ్లని చూడండి. నాకు గ్యాసంతే."

ఆకుపచ్చ తెర వెనక మంచం మీద కూర్చోబెట్టి, నోట్లో థర్మామీటరు పెట్టింది. నూట రెండు దాటింది.

"గ్యాసుకి నూట రెండు జ్వరం రాదమ్మా. వచ్చేటట్టయితే మా ఆయన ఎప్పుడో పోయుండేవాడు."

పిల్ల నవ్వబోయి, పొట్ట పట్టుకుని ముందుకి వంగిపోయింది.

కెమిస్ట్రీ మూడో సంవత్సరం. ఇరవై ఏళ్లు నిండాయి. సూదక్క గొంతు తగ్గించి ఒక్కొక్కటే అడిగింది. నొప్పి ఎన్నాళ్లనుంచి, తెల్లబట్ట అవుతోందా, నెలసరి ఎప్పుడొచ్చింది, ఎవరితోనైనా కలిసిందా. ఆఖరి ప్రశ్నకి పిల్ల తెర కిందుగా చూసింది. అవతల వంతు కోసం నిలబడ్డవాళ్ల చెప్పులు కనపడుతున్నాయి.

"పది రోజులైందక్కా," అంది చివరికి. "మందుల షాపుకి వెళ్తే అతను అందరి ముందూ 'ఎవరికి, నీకేనా?' అని గట్టిగా అడిగాడు. మా వదినకి అన్నాను. ఏవో మూడు రకాల బిళ్లలిచ్చాడు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి..."

"మరి ఇక్కడికెందుకు రాలేదు?"

ఎందుకు రాలేదో సూదక్కకీ తెలుసు.

నెల కిందట ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఆడపిల్లల హాస్టలు నుంచి ఎవరైనా 'వ్యక్తిగత సమస్య'తో వస్తే ముందు వార్డెన్‌కి చెప్పాలి, ఇంటికి ఫోను చెయ్యాలి, ఆ తర్వాతే వైద్యం. ఆ వారంలోనే ఒక పిల్ల పరీక్ష చేయించుకోవడానికి వచ్చింది. కాలేజీ వార్షికోత్సవాల్లో పాటలు పాడే పిల్ల. జబ్బు కాదు, అనుమానం మాత్రమే. ఇంటికి ఫోను చేసింది సూదక్కే. మర్నాడు తండ్రి వచ్చాడు. పెట్టెని హాస్టలు మెట్ల మీంచి దొర్లించుకుంటూ పిల్లని తీసుకుపోయాడు. ఏ జబ్బూ లేదని పరీక్ష ఫలితం రెండు రోజుల తర్వాత వచ్చింది. దాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

రూలు కదా, నేనేం చేస్తానని సూదక్క ఆ రోజు తనకి తాను చెప్పుకుంది. పదకొండు నెలలకోసారి కొత్త కాంట్రాక్టు కాగితం రాసుకుంటే తప్ప నిలవని ఉద్యోగం ఆమెది. నడుం పడిపోయిన భర్తకి, ఇంకా చదువు తెమలని కూతురికి ఆ జీతమే దిక్కు. ఈ నెలాఖరుకి ఆ కాగితం మళ్లీ రాయాలి.

"ఆ అబ్బాయికి ఎలా ఉంది?" అని అడిగింది.

"అతనికేం లేదక్కా. నిన్న మ్యాచ్ కూడా ఆడాడు."

"మగవాళ్లకి చాలాసార్లు పైకి తెలీదమ్మా. అతను కూడా చూపించుకుని మందు వాడాలి. లేకపోతే నీకు తగ్గినా మళ్లీ అంటుకుంటుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కొన్ని జబ్బులు ముక్కుకొస్తాయి, కొన్ని ఇక్కడికొస్తాయి. అంతే."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా నాన్నకి చెప్తారా అక్కా? మా నాన్న బస్సు డ్రైవరు. ఇప్పుడు డ్యూటీలో ఉంటాడు."

పది నుంచి పన్నెండు దాకా మాత్రమే ఉండే డాక్టరు గారు వచ్చి చూశారు. గర్భం పరీక్ష చేయిస్తే లేదని తేలింది. పొత్తికడుపు మీద చెయ్యి ఆనించగానే పిల్ల కెవ్వుమంది.

"ఇన్ఫెక్షన్ గర్భసంచి దాకా పాకినట్టుంది," అన్నారాయన. "ఇవాళే పెద్దాసుపత్రిలో చేరాలి. స్కానింగు చెయ్యాలి, సూదిమందులు ఎక్కించాలి. ఆలస్యం చేస్తే చీము పడుతుంది, రేపు పిల్లలు పుట్టడమే కష్టమవచ్చు." ఉత్తరం రాసి సూదక్క చేతికిచ్చి, గుమ్మం దగ్గర ఆగారు. "వార్డెన్ చెవిన కూడా ఒక మాట వెయ్యండి సిస్టర్. మనకెందుకొచ్చిన గొడవ."

ఆ శ్రమ అవసరం లేకపోయింది. చీట్లు రాసే గుమాస్తా అప్పటికే కబురందించినట్టున్నాడు, వార్డెన్ తెర పక్కకి లాగి లోపలికి వచ్చింది. పిల్లని చూసి మొహం తిప్పుకుని, సూదక్కతో మాట్లాడింది.

"ఇంటికి ఫోను చేశారా?"

"ముందు హాస్టలు కారు ఇప్పించండి మేడమ్. పిల్ల నిలబడలేకపోతోంది."

"ఫోను చేశాకే కారు. నాకు మాత్రం సరదానా సిస్టర్? పోయినేడు ఒకమ్మాయి తల్లిదండ్రులు వచ్చి నా గదిలో కుర్చీలు విరగ్గొట్టారు. 'మా పిల్లని నీ చేతుల్లో పెడితే నువ్వు నిద్రపోయావా' అన్నారు. రేపేమన్నా అయితే ఉరి నా మెడకే."

"మగపిల్లల హాస్టలుకి ఈ రూలు కాగితం వెళ్లిందా మేడమ్?"

"ఏంటి?"

"కిందటి వారం ముగ్గురొచ్చారు, ఇలాంటి జబ్బులతోనే. మందిచ్చి, జాగ్రత్తలు చెప్పి పంపించాం. వాళ్ల నాన్నలకి ఎవరు ఫోను చేశారు?"

"అది వేరు."

"ఎలా వేరు?"

వార్డెన్ తన ఫోనులో నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, సూదక్క ముందుకి చాపింది. "మీరే మాట్లాడండి. రోగం సంగతి మీకే తెలుసు. ఈ నెలాఖరుకి హాస్టలు తరఫున మీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే, గుర్తుందిగా."

రెండు సార్లు మోగింది. మూడోసారి హారన్ల మోత మధ్య ఒక మగ గొంతు.

"హలో, ఎవరండీ? ఒక్క నిమిషం, బండి పక్కకి ఆపుతున్నా... ఆఁ, చెప్పండి."

మంచం మీద పిల్ల వణకడం కూడా మానేసి కొయ్యబారిపోయింది. సూదక్క ఫోను చేతిలోకి తీసుకుంది గానీ, దాన్ని అరచేత్తో మూసి ముందు పిల్ల వైపే చూసింది.

"చెప్పమంటావా అమ్మా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. పెదాలు మాత్రం కదిలాయి. "నేనే... తర్వాత."

"హలో? హాస్టలు నుంచా? మా అమ్మాయి బాగుందా?"

"మీ అమ్మాయే మీతో మాట్లాడుతుందండీ," అంది సూదక్క. "తనకి కుదిరినప్పుడు. మీరు బండి జాగ్రత్తగా నడపండి." ఫోను కట్టేసి బల్ల మీద పెట్టింది.

"నీకు మతిపోయిందా?" వార్డెన్ గొంతు కీచుగా లేచింది. పద్నాలుగేళ్లలో ఆమె సూదక్కని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"తెలీదు మేడమ్."

డాక్టరు రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని, పిల్ల చెయ్యి తన భుజం మీదుగా వేసుకుని లేపింది. తెర దాటి బయటికి వచ్చింది. బెంచీల మీదున్నవాళ్లందరూ విన్నారు.

"గేటు దాకా ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండమ్మా. టాక్సీలో వెళ్తాం."

కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత పొద్దుటి నుంచి వాంతులు చేసుకుని మొహం పీక్కుపోయిన ఒకమ్మాయి గోడ పట్టుకుని లేచి, రెండో వైపుకి వచ్చి నిలబడింది.

వాళ్లు ముగ్గురూ మెట్లు దిగుతుండగా గదిలో బల్ల మీద ఫోను మోగడం మొదలుపెట్టింది. అదే నంబరు. వార్డెన్ చెయ్యి చాచింది. ఫోనుకి అంగుళం దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది.