మెత్తబడని పండు

ట్రేలోని టమాటా మీద బొటనవేలు ఆనించిందో లేదో, వేలు కాస్తా లోపలికి దిగబడింది.

అది మెత్తబడకూడని పండు. టమాటా ఎర్రబడే వేళకు దానిలో ఒక జన్యువు మేలుకుంటుంది. కణాల గోడలను పట్టి ఉంచే జిగురును కరిగించమంటుంది. పండు మెత్తబడేది అందుకే. ఆ జన్యువును ఆమె కత్తిరించింది. రంగుకూ రుచికీ లోటు లేకుండా, నలభై రోజులైనా బిగువు సడలని పండు! ఏడేళ్లు పట్టింది. వందల మొక్కల్లో బతికి కాయ కాసింది ఒక్కటే. దాని గింజలే ఇప్పుడు ఈ పంట.

రెండో ట్రే చూసింది. మూడోదీ చూసింది. అన్నీ అంతే.

పక్క మొక్కల పుప్పొడి పడిందా? అదే అయితే బెంగ లేదు. ప్రతి మొక్కలో తల్లి వైపు నుంచి తెగిన జన్యువు సగమైనా మిగిలి ఉంటుంది, మరో తరానికి దారికొస్తుంది. ఆకులు నూరి పరీక్షకు పెట్టింది. సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఒక్క మొక్కలోనూ తెగిన జన్యువు లేదు.

అంటే కలగలవలేదు. ఎవరో గింజలే మార్చేశారు.

తల్లి మొక్కను కోత కాగానే, జన్యువు మార్చిన మొక్కలకుండే నియమం ప్రకారం కాల్చేశారు. కాయలు కోసింది తను. గింజలు తీసింది బాబాయి. సొంత బాబాయి కాదు. గింజల గది చూసే ఆయన్ని ఆ పరిశోధన కేంద్రంలో అందరూ పిలిచే పిలుపు అది. ఆమె నేరుగా ఆ గదికే వెళ్లింది.

"ఏంటమ్మాయ్, మొహం వేలాడేశావ్? నీ రాతికాయలు కొరికి ఎవరికైనా పళ్లు ఊడాయా?"

"మెత్తబడ్డాయి, బాబాయ్."

ఆయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"నువ్విచ్చినవి మామూలు గింజలు. నావేవి?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఎల్లుండి నా పని ఉంచాలో ఊడగొట్టాలో తేలుస్తారు. ఒక్క గింజ ఉంటే చాలు బాబాయ్. ఒక్కటి!"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"లేదమ్మా. ఒక్కటీ లేదు. ఎప్పట్లాగే కాయలు చిదిమి నీళ్లలో వేశా. రెండ్రోజులకి గుజ్జు కరిగి గింజ జారాలి. ముప్పయ్యేళ్లుగా చేత్తో తడిమే చెబుతున్నా. నీ కాయల్లో గింజ జారలేదు. ఇంకో రోజు చూద్దామనుకున్నా. ఆ తర్వాత ఇంకో రోజు. ఇది మెత్తబడదని నువ్వు చెబుతూనే ఉన్నావ్, నేనూ కనబడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పా. కానీ చెయ్యి వినలేదమ్మా, మెత్తబడేదాకా ఆగమంది. ఎనిమిదో రోజు మూత తీస్తే గింజలన్నీ ఆ నీళ్లలోనే మొలకెత్తి కుళ్లిపోయున్నాయ్. నీతో చెబుదామనే వచ్చా. నువ్వేమో ఎవరితోనో, బాబాయ్ చేతిలో పడితే గింజ బతికినట్టే అంటున్నావ్. నోరు రాలేదు. వెనక్కెళ్లి మామూలు గింజలు కవర్లో పోసి, నీ చేతిరాత చూసి చూసి, అచ్చం నీలాగే పైన నీ పండు పేరు నేనే రాశా."