చివరి సున్న

'త' పూర్తయింది. సున్నల బాబాయి ఉలి పక్కన పెట్టి, నల్లరాతి పలక మీది పొడిని ఉఫ్‌మని ఊదాడు. "మన స్నేహం అనంతం" అని చెక్కాలి. అక్షరాలన్నీ అయిపోయాయి. ఇక మూడు సున్నలు మిగిలాయి.

ఏం చెక్కినా సున్నలు ఆఖర్న చెక్కడం ఆయన పద్ధతి. గుండ్రంగా తిరిగే చోటే రాయి మొండికేస్తుందని భయం. వీధంతా నలభై ఏళ్లుగా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తోంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు.

చదివింది రెండో తరగతి. కూతుర్ని మాత్రం డిగ్రీ దాకా చదివించాడు. పెద్ద మాట ఏది వచ్చినా అర్థం ఆమెనే అడుగుతాడు.

మధ్యాహ్నం ఆమె క్యారేజీ తెచ్చింది.

"అమ్మలూ, అనంతం అంటే ఏంటే?"

"అంతం లేనిది నాన్నా. ఎప్పటికీ ఉండేది."

ఆయన ఆ మాట మీదకి వంగి, 'న'ను బొటనవేలితో మూశాడు. ఎర్ర పెన్సిల్‌తో గీసిన సున్నలతో కలిపి చదివితే మిగిలింది 'అంతం'.

"లేదంటావేంటే? దీని కడుపులోనే కూర్చునుంటే!"

కూతురు పకపకా నవ్వింది. "మా లెక్చరర్‌కి కూడా తట్టలేదు నాన్నా ఇది."

"మరి ఆయన్ని నేను చదివించలేదుగా!"

ఆ పలక ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయన భార్య అదే బస్సులో కండక్టరు. ఆమె సమాధి మీద రేపు పొద్దున నిలబెట్టాలి. సాయంత్రం ఐదింటికి వస్తానన్నాడు.

రెండు సున్నలు నున్నగా కుదిరాయి. మూడోదాని చోటే చిక్కొచ్చింది. అక్కడ రాతిలో వెంట్రుకంత తెల్లటి గీత ఉంది. దెబ్బ తప్పితే పలక రెండు ముక్కలవుతుంది. ఆయన చిన్న ఉలిని సానరాయి మీద చాలాసేపు నూరాడు. పెన్సిల్ చెవి మీద దోపుకున్నాడు.

"చెయ్యి అలిసిందే. కాస్త నడుం వాలుస్తా, నాలుగున్నరకి లేపు. ఇది పగిలిందంటే ఆ పెద్దమనిషికి మొహం చూపించలేను."

నాలుగున్నరకి ఆమె లేపింది. మళ్లీ లేపింది. చెవి మీద పెన్సిల్ చెవి మీదే ఉంది.

ఐదింటికి వచ్చిన డ్రైవరు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, మర్నాడు సున్నల బాబాయి పాడె వెంట చివరిదాకా నడిచాడు. పలక కోసం వారం తర్వాత వచ్చాడు.

"వేరేవాళ్ల చేత చెక్కిస్తానండీ," అంది కూతురు. "చివరి సున్న పెన్సిల్ గీతే. వానకి పోతుంది."

ఆయన ఆ ఎర్ర సున్న మీద వేలు పెట్టబోయి, చెరుగుతుందని వెనక్కి తీసుకున్నాడు.

"పోనీలే తల్లీ. పోయినప్పుడల్లా నేనే వచ్చి గీస్తా. ఆ వంకతో మా ఆవిడనీ పలకరించినట్టుంటుంది. మీ నాన్న పెన్సిల్ ఇస్తావా?"

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పలక ఆటో ఎక్కింది.

ఖాళీ అయిన పీట మీద, రాతిపొడిలో, చిన్న ఉలి మిగిలింది. ఆ మధ్యాహ్నం నూరిన పదును అలాగే మెరుస్తూ ఉంది.