ఇటూ అటూ చెయ్యెత్తిన అట్టమనిషి

నేను ఒక అట్టమనిషిని. నడుము దాకానే ఉంటాను. కాళ్ళు కూడా అచ్చువేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ముఖం మాత్రం కొప్పర్తి భానుమూర్తిగారిది. ఆయన పుట్టింది పిఠాపురంలో. మందుల షాపు నడుపుతున్నది స్కాట్లాండులో, సముద్రం ఒడ్డున ఉన్న ఇన్వర్‌డ్రోగ్ అనే చిన్న ఊళ్ళో. నేను పుట్టింది ఆ ఊరికి ముప్ఫై మైళ్ళ అవతల ఒక అచ్చాఫీసులో. అంతకుముందు జన్మలో సగం బిస్కెట్ల పెట్టెను, సగం బూట్ల పెట్టెను అని వినికిడి. ముసురు పట్టిన రోజుల్లో నా దగ్గర ఆ రెండు వాసనలూ వచ్చేవి. తెలుగెలా వచ్చిందని మాత్రం అడగకండి. ముఖంతో పాటే వచ్చింది.

నా పుట్టుకకి కారణం కరోనా. ఆ ఏడు ఫుట్‌బాల్ మైదానాల్లోకి జనాన్ని రానివ్వలేదు. ఆటగాళ్ళు ఖాళీ కుర్చీల ముందు బంతి తన్నుకోవాల్సి వచ్చింది. గోల్ కొడితే అరిచే నాథుడు లేడు, పోగొడితే తిట్టే నాథుడూ లేడు. అది చూడలేక మా ఊరి క్లబ్బు డ్రోగ్ రోవర్స్ వాళ్ళు ఒక ఉపాయం పన్నారు. అభిమానులు ఫోటోలు పంపితే అట్టబొమ్మలు చేయించి, ఎవరి కుర్చీలో వాళ్ళ బొమ్మను కూర్చోబెడతామన్నారు.

భానుమూర్తిగారికి ఊపిరి సలపని రోజులవి. ఊరంతా మందుల షాపు ముందే నిలబడి ఉంది. ఆయన పుట్టినరోజుకి బహుమతిగా హైమవతిగారే, అంటే ఆయన భార్య, ఫోటో కోసం వెతికారు. ఆయన ఫోటోలన్నీ పాస్‌పోర్టు కోసం తీయించుకున్నట్టే ఉంటాయి. ఒక్కదానిలో మాత్రం కాస్త ప్రాణం కనిపించింది. గ్లాస్గోలో ఎవరిదో గృహప్రవేశం. భోజనాల దగ్గర పులిహోర వడ్డించేవాడు తనని దాటి వెళ్ళిపోతుంటే, నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, కుడిచెయ్యి నిటారుగా ఎత్తి పిలుస్తున్న ఫోటో. అదే పంపారావిడ. అచ్చాఫీసు అమ్మాయి చూసి, “ఎంత అభిమానమో! కప్పు గెలిచినట్టున్నాడు పాపం” అంది. నిజానికి అది బంతి కోసం ఎత్తిన చెయ్యి కాదు, బంతిలో ఎత్తిన చెయ్యి. ఆ తేడా చెప్పడానికి నాకు నోరు తెరిచే ఉంది గానీ మాట లేదు.

గ్యాలరీలో నాకు ఇచ్చింది భానుమూర్తిగారి కుర్చీయే. నా పక్కన ఒక కుక్క. ఆ కుర్చీగల ఆసామి తన ఫోటో బాగా రాలేదని కుక్క ఫోటో పంపాడు. నాలుగు నెలలు మేమిద్దరం రెప్ప వేయకుండా ఆట చూశాం. రోవర్స్ ఆట చూడాలంటే అట్టగుండె ఉండాలని అప్పుడే తెలిసింది.

క్లబ్బు కష్టాలు నాకంటే ముందే పుట్టాయి. కరోనా వచ్చిన వసంతంలో, ఎనిమిది ఆటలు మిగిలి ఉండగానే లీగు పెద్దలు సీజను ముగించేశారు. ఆ రోజుకి ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్క అన్నారు. రోవర్స్ ఆ రోజుకి అందరికంటే కింద ఉంది. అలా ఆడిన ఆటల్లో ఓడిపోయింది చాలక, ఆడని ఆటల్లో కూడా ఓడిపోయి కింది తరగతికి పడిపోయింది. మరుసటి జనవరిలో ఆటలు మళ్ళీ ఆగాయి. అప్పుడు క్లబ్బు డైరెక్టర్లకి ఒక ఆలోచన వచ్చింది: నాలుగు మైళ్ళ దూరంలోని కిల్‌బ్రాడీ క్లబ్బుతో కలిసిపోదాం, ఇద్దరికీ ఒకే జట్టు ఉంటుంది, కొత్త పేరు, కొత్త రంగులు. అయితే అభిమానుల సంఘం ఒప్పుకోనిదే పేరూ రంగులూ మార్చడానికి వీల్లేదని క్లబ్బు నిబంధన.

మరేం, ఊరు రెండు ముక్కలైంది. వందేళ్ళుగా మా ఊరికీ కిల్‌బ్రాడీకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎందుకో ఎవరికీ గుర్తులేదు, అందుకే రాజీ కుదరదు.

ఆటలు ఆగాక చెమ్మకి పాడైపోతామని మమ్మల్ని ఎవరిళ్ళకి వాళ్ళని పంపేశారు. భానుమూర్తిగారు నా ముక్కుకి మాస్కు తగిలించి షాపు కిటికీలో నిలబెట్టారు. ఎత్తిన చెయ్యి “ఆగండి, దూరం పాటించండి” అన్నట్టు కుదిరింది. షాపులోకి ఒక్కొక్కరినే రానిచ్చేవారు. మిగతావాళ్ళు బయట ఆరేసి అడుగుల దూరంలో నిలబడి, ఆ దూరానికి తగినట్టు అరుచుకుంటూ క్లబ్బు గురించి వాదించుకునేవారు. వాళ్ళ ఇంగ్లీషు ఇంగ్లండు వాళ్ళకే అర్థం కాదు. నాకు అర్థమైన మేరకు తెలుగులో చెబుతున్నాను.

సంఘం అధ్యక్షురాలు ఐలా అనే డెబ్బై నాలుగేళ్ళ ఆవిడ. బడిలో వంట చేసి రిటైరైంది. మోకాళ్ళ నొప్పుల మందు కోసం వచ్చేది.

“కిల్‌బ్రాడీ వాళ్ళతో కలవడమా! మా నాన్న బతికుంటే ఈ మాట విని మళ్ళీ చచ్చిపోయేవాడు. ఏమంటావ్ అబ్బాయ్, బానూ?”

“మీరన్నదీ నిజమేనండి” అనేవారు భానుమూర్తిగారు.

ఆవిడ వెళ్ళాక హెక్టర్ వచ్చేవాడు. ఇళ్ళకి పెంకులు వేసేవాడు, గంభీరమైన మనిషి, కడుపులో మంటకి మాత్రలు కొనేవాడు. “కలవకపోతే క్లబ్బే పోతుంది. పోయిన క్లబ్బుకి రంగేంటయ్యా, పేరేంటి? పీనుగుకి బొట్టు పెట్టినట్టు! చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు.”

“మీరన్నదీ నిజమేనండి.”

గల్లా దగ్గర కూర్చున్న హైమవతిగారు ఓ రోజు ఉండబట్టలేకపోయారు. “ఏవండీ, పొద్దున్న ఆవిడకి అవునన్నారు, ఇప్పుడు ఈయనకీ అవునన్నారు. ఇద్దరూ ఒకేసారి వస్తే ఏం చేస్తారండీ?”

“రాలేరు కదా. లోపలికి ఒక్కళ్ళకే పర్మిషన్” అన్నారాయన ధీమాగా.

“పోనీ, నాకు చెప్పండి. మీకేం కావాలి?”

ఆయన మాత్రల డబ్బాలు సర్దుకుంటూ ఉండిపోయారు. ఇరవై రెండేళ్ళ కిందట, తనలాంటి ముఖం మరొకటి లేని ఆ ఊళ్ళో షాపు తెరిచిన రోజున ఆయన ఒక ఒట్టు పెట్టుకున్నారు: ఎవరినీ కాదనకూడదు. అప్పట్నుంచీ ఎవరినీ కాదనలేదు. ఎవరితోనూ చెడలేదు. ఊరందరికీ ఆయనంటే ఇష్టమే. కానీ ఆయన మనసులో ఏముందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. చివరికి ఆయనకీ తెలియకుండా పోయిందేమోనని నా అనుమానం.

మార్చి నెలాఖరులోగా సంఘం తేల్చాలి. కంప్యూటర్లో మీటింగు పెట్టి చూశారు. హెక్టర్ ఇంటి పైకప్పు గంటసేపు కనిపించింది, ఐలా మాటలు ఎవరికీ వినిపించలేదు, ఎవరింట్లోదో చిలక మాత్రం స్పష్టంగా మాట్లాడింది. సంఘం కార్యదర్శి డూగల్, బస్సు డ్రైవరు, 1911 నాటి నిబంధనల పుస్తకం తెరిచి ఆ మీటింగు చెల్లదన్నాడు. ఆ పుస్తకం ప్రకారం నలభై మంది సభ్యులు ‘గ్యాలరీలో కూర్చుని ఉండగా’, చేతులెత్తి ఓటు వెయ్యాలి. సర్కారు వారి ప్రకారం నలుగురికి మించి చేరకూడదు. పుస్తకానికీ సర్కారుకీ మధ్య చిక్కుకుని మూడు రాత్రులు నిద్రపోని డూగల్‌కి నాలుగో రోజు బస్సు నడుపుతుంటే మందుల షాపు కిటికీలో నేను కనిపించాను. బస్సు అక్కడే ఆపేశాడు. ప్రయాణికులు ఇద్దరే కాబట్టి గొడవ కాలేదు.

ఉపాయం ఇది: ‘నా బొమ్మ కూర్చున్నచోట నేను కూర్చున్నట్టే’ అని సభ్యులందరూ కాగితం రాసివ్వాలి. కలవాలన్నవాళ్ళ బొమ్మలు గ్యాలరీలో ఎడమవైపు, వద్దన్నవాళ్ళవి కుడివైపు. అట్టమనుషులు ముప్ఫై ఏడుగురం, ఊపిరి ఉన్నవాళ్ళు ముగ్గురు: ఐలా, హెక్టర్, డూగల్. మొత్తం నలభై. కుక్క చెల్లుతుందా అని హెక్టర్ అడిగాడు. కుక్క కూడదని పుస్తకంలో లేదన్నాడు డూగల్.

భానుమూర్తిగారు కాగితం మీద సంతకం చేసి పంపారు గానీ ఎటు కూర్చోబెట్టాలో రాయలేదు. “బాను మావాడే, నాతో అన్నాడు” అంది ఐలా. “నాతోనూ అన్నాడు” అన్నాడు హెక్టర్. డూగల్ తల గోక్కుని, నా మాస్కు తీసి, నన్ను మధ్య మెట్ల మీద ఒంటరిగా నిలబెట్టాడు.

శనివారం మధ్యాహ్నం సభ మొదలైంది. సముద్రం మీంచి ఈదురుగాలి. డూగల్ పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడి అరిచాడు: “కిల్‌బ్రాడీతో కలవడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!”

ఎడమవైపు పద్దెనిమిది అట్టలు. హెక్టర్ చెయ్యి ఎత్తాడు, పంతొమ్మిది. డూగల్ చూపు నా మీద పడింది. నా చెయ్యి ఎత్తే ఉంది. “ఇరవై!”

“వద్దనేవాళ్ళు?”

కుడివైపు కుక్కతో కలిపి పద్దెనిమిది అట్టలు. ఐలా పంతొమ్మిది. డూగల్ మళ్ళీ నన్ను చూశాడు. చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. “ఇర... వై.”

కార్యదర్శికి ఓటు లేదు. ఉన్న ఓట్లు ముప్ఫై తొమ్మిది, పడినవి నలభై. డూగల్ మూడుసార్లు లెక్కపెట్టాడు. ఈలోగా ఓ గాలి విసురుకి కుక్క లేచి ఎడమవైపు వెళ్ళి పడింది. “పార్టీ ఫిరాయించింది!” అని హెక్టర్ గంతేశాడు. “గాలికి పోయిన ఓటు గాలిదే, దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టు” అని ఐలా పుస్తకం లాక్కోబోయింది. పుస్తకం అట్ట ఊడి వచ్చింది. డూగల్ ఇంచుమించు ఏడుస్తూ ఫోన్ తీశాడు.

పది నిమిషాల్లో భానుమూర్తిగారు తెల్లకోటుతోనే పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన వెనకే షాపుకి తాళం వేసి హైమవతిగారూ వచ్చారు గానీ, లెక్క దాటుతుందని గేటు బయటే ఆగిపోయారు. ఐలా, హెక్టర్ ఆయనకి రెండు పక్కలా ఆరేసి అడుగుల దూరంలో నిలబడ్డారు. ఇద్దరూ ఒకేసారి వచ్చేశారు.

“నాతో అవునన్నావా లేదా?” అన్నాడు హెక్టర్.

“అన్నానండి.”

“మరి నాతో?” అంది ఐలా.

“మీతోనూ అన్నానండి.”

డూగల్ నా వైపు వేలు చూపించి జరిగింది చెప్పాడు. భానుమూర్తిగారు నన్ను పైనుంచి కింద దాకా చూశారు. మధ్య మెట్ల మీద, రెండు వైపులకీ ఒకే చెయ్యి ఎత్తి, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంత సిగ్గు నన్ను చూసి ఎవరికీ కలగకూడదు అనిపించింది.

“వద్దండి” అన్నారు చివరికి, చాలా చిన్నగా.

“ఏది వద్దు?” అన్నాడు హెక్టర్.

“కలవడం. హెక్టర్ గారూ, క్షమించండి. మీరన్నది... మీరన్నది తప్పండి.” ఆ మాట అనేసరికి ఆయనకే దగ్గొచ్చింది. “నేనీ ఊరొచ్చిన కొత్తలో వానకి తలదాచుకోడానికి ఈ గ్యాలరీలోకి వచ్చాను. ఆటేమిటో తెలీదు. మనవాళ్ళు ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయారు. పక్కనున్నాయన, ముక్కూమొహం తెలియనాయన, నా భుజం పట్టుకుని ‘చూశావా మన దరిద్రం’ అన్నాడు. ‘మన’ అన్నాడండి. అప్పటికి ఈ ఊళ్ళో నాతో ఎవరూ ఆ మాట అనలేదు. గెలిచే జట్టు కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. ఈ దరిద్రం ఇంకెక్కడ దొరుకుతుందండి?”

గేటు బయట హైమవతిగారు చప్పట్లు కొట్టారు, చేతికి ఊలు తొడుగులు ఉండడంతో వినపడలేదు.

ఐలా ఇరవై, హెక్టర్ పంతొమ్మిది. ఊడిపోయిన అట్ట మీద డూగల్ రాసుకున్నాడు. హెక్టర్ ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

క్లబ్బు బతికింది, ఒంటి కాలి మీద. ఆగస్టులో గేట్లు తెరిచారు. అసలు మనుషులు వచ్చి తమ కుర్చీల్లోంచి మమ్మల్ని లేపేశారు. హైమవతిగారు నన్ను ఊరి చివర తమ కూరగాయల మడిలో, పావురాళ్ళు చిక్కుళ్ళు తినకుండా దిష్టిబొమ్మలా పాతారు. పావురాళ్ళు నా చేతి మీద కూర్చుని తినేవి.

హెక్టర్ మాత్రం కడుపు మంట మాత్రల కోసం నాలుగు మైళ్ళు నడిచి కిల్‌బ్రాడీ వెళుతున్నాడని తెలిసింది. భానుమూర్తిగారికి అన్నం సయించలేదు. “జన్మకి ఒక్కసారి కాదన్నాను, ఒక మనిషి పోయాడు చూశావా” అని చిక్కుళ్ళు కోస్తూ భార్యతో అనేవారు. “ఉండనివ్వండి. మీరు అవునన్నన్నాళ్ళూ మాత్రం ఉన్నాడేంటి?” అనేవారావిడ.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆయన ఒక్కరే మడిలో ఉండగా కంచె అవతల పెద్ద ఆకారం వచ్చి నిలబడింది. హెక్టర్. పలకరింపు లేదు, పాడు లేదు.

“ఆ కొత్త గోలీ పనికిరాడు” అన్నాడు, రోవర్స్ గోల్‌కీపర్ గురించి.

భానుమూర్తిగారు బుట్ట కింద పెట్టారు. “లేదండి. గోలీ మంచోడే. వెనక కాపుకాసే ఇద్దరే దండగ.”

“ఏం తెలుసయ్యా నీకు!” అని హెక్టర్ కంచె దాటి లోపలికి వచ్చేశాడు. అతని ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా గోడతో వాదించినవాడికి ఇవాళ గోడ బదులు చెప్పింది.

వాన మొదలైంది. ఇద్దరూ గమనించలేదు. వాన పెద్దదైంది. వాదన మంచి పట్టు మీద ఉంది, షెడ్డు దాకా నడిస్తే ఎక్కడ తెగిపోతుందోనని ఇద్దరికీ భయం. హెక్టర్ ఇటూ అటూ చూసి, నన్ను మట్టిలోంచి పెరికి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస భానుమూర్తిగారికి అందించాడు. ఇద్దరూ నన్ను నెత్తి మీద కప్పుకున్నారు.

నీళ్ళు నాలోకి దిగుతున్నాయి. ముందు ముఖం పోయింది, తరవాత రంగు. పొరలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. కింద ఇద్దరు మగవాళ్ళు భుజాలు ఆనించుకుని, ఒకరి మాట ఒకరు విననివ్వకుండా పోట్లాడుకుంటున్నారు. ఇంకాసేపు ఆగాలి నేను. గోలీ సంగతి ఇంకా తేలలేదు.