ముక్కుకు తెలియని వాసన

మా ఇంట్లో ఎండుచేపల వాసన వస్తుందని నాకు చాలా ఏళ్లు తెలియదు. ఒకసారి తడ ఊళ్లో పెళ్లికి పోతే, పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచిపోయింది. అప్పుడు తెలిసింది.

అమ్మా నాయనా పోయాక నన్ను పెంచింది నాయన అక్క రెబెక్కమ్మత్త. పులికాటు సరస్సు ఒడ్డున చేపలు కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మేది. మాకున్నది ఒకటే గది. ఒక మూల మేము, మిగతా మూడు మూలలా గోనె సంచులు. నా బట్టల పెట్టె ఆ సంచుల మీదే ఉండేది.

పందొమ్మిదివందల అరవై ఒకటిలో నెల్లూరు నుంచి టీచరు ట్రైనింగు ఇంటర్వ్యూకు కార్డు వచ్చింది. ఎనిమిదో తరగతి పాసైన నాకు ఆ గదిలోంచి బయటపడే దారి అదొక్కటే. కట్టుకుపోదామంటే ఉన్నది ఒక్క తెల్లచీర.

"వాసన చూసి సీటిస్తారా ఏంది?" అనింది అత్త. "అయినా నువ్వు పోతే ఈ చేపలు తిరగేసేదెవరు? దేవదూతలా?"

కుంకుడు రసంలో ఉతికాను. మా బావి ఉప్పునీళ్లకు నురగే రాలేదు. వాసన పోయిందో లేదో నా ముక్కు చెప్పదు. అందుకని, మజ్జిగ తెచ్చి ఎండు రొయ్యలు మార్చుకుపోయే పిచ్చమ్మక్కకు చీర చూపించాను. వాళ్లు రెండు మైళ్ల అవతల వరి పండించే కాపులు.

"కుంకుడుకాయల్లో ఊరేసిన చేప" అనింది.

మళ్లీ ఉతికి సాంబ్రాణి పొగ పట్టించాను.

"గుళ్లో చేపలు కాల్చినట్టుందమ్మే! ఆ ఉప్పునీళ్లతో ఏడాది ఉతికినా ఇంతే. మా చేని బావికి తీసుకురా."

ఆమె ఇంట్లో బియ్యం కడుగు పోసి పులియబెట్టిన కలికుండ ఉంది. ఆ పుల్లటి కలిలో చీర ఒక రాత్రంతా నానింది. పొద్దున చవుడు మట్టి రుద్ది, మంచినీళ్లలో నాలుగుసార్లు జాడించి, అక్కడే ఎండలో ఆరేశాం. పిచ్చమ్మక్క మడతల్లో మొహం పెట్టి గట్టిగా పీల్చింది.

"ఇప్పుడిది చీర. మీ ఇంటికి మాత్రం తీసుకుపోబాక."

చీర ఆమె దూలానికే వేలాడింది.

ఇంటర్వ్యూ రోజు తెల్లవారగానే అత్త చేపల తట్ట నా ముందు పెట్టింది. "ఇది తిరగేసి పో. సాయంత్రానికి వచ్చేయాల." కాదనలేదు. ఎప్పుడన్నా అన్నానా? చేపలన్నీ తిరగేసి, పిచ్చమ్మక్క ఇంటికి పరిగెత్తి, బావి దగ్గర ఒళ్లంతా తోముకుని చీర కట్టుకున్నాను. కుచ్చిళ్లు సర్ది, పైట సవరించడానికి నా మెడ దగ్గరికి వచ్చిన పిచ్చమ్మక్క చేతులు ఆగిపోయాయి.

"ఏందక్కా?"

"చీర బాగుండాది." నా జడ ఎత్తి వాసన చూసింది. "జుట్టమ్మే."

దొరవారిసత్రంలో రైలుకు ఇక గంట కూడా లేదు. వంగమని, ఒక చెంబు కలి తెచ్చి నెత్తిన పోసింది, బావినీళ్లతో కడిగింది. తడిజడతోనే స్టేషనుకు నడిచాను. రైల్లో కిటికీ పక్కన నిలబడే ఉన్నాను. ఎవరూ దూరం జరగలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

నెల్లూరులో గది చిన్నది. మేజా వెనుక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరే నిలబడి పేరు చెప్పాను.

"వినపడలేదమ్మా. ఇట్లా దగ్గరికి వచ్చి కూర్చో."

కుర్చీ మేజాకు ఆనుకుని ఉంది. లాగుదామంటే వెనక గోడ. కూర్చున్నాను.

"కరుణాకుమారి" అన్నాను.

ఆవిడ రాసుకుంది. కలం కింద పెట్టింది. లేచి వెళ్లి కిటికీ రెక్కలు రెండూ తెరిచి వచ్చింది.

ఉక్కపోతకో, మరి దేనికో నాకు తెలియలేదు. ఆవిడ మొహం చూశాను. అక్కడా ఏమీ లేదు.

"పిల్లలకు పాఠం చెప్పడం నీకెందుకు ఇష్టం?" అని అడిగింది.

జడను కొంగు కింద దాచుకున్నాను. రాత్రంతా వల్లించుకున్న జవాబు చెప్పడం మొదలుపెట్టాను.